ఎక్కని పడవ

దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో మాకు కొన్నాళ్లు వంటచేసి వెళ్లిపోయిన ఆవిడకి నీళ్లంటే భయమని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆవిడ గోదావరి ఈదిన మనిషి.

ఏ కొత్త చోటికెళ్లినా, ఇక్కడ ముందు ఎవరుండేవాళ్లని అడగడం ఆవిడ అలవాటు. ఓ శుక్రవారం హట్టా డ్యామ్ దగ్గర మేమంతా లైఫ్‌జాకెట్లు తొడుక్కుని పడవెక్కుతుంటే, “కింద ఏ ఊరుంది మేడమ్?” అంది.

పడవలు అద్దెకిచ్చే అతన్ని హిందీలో అడిగి చెప్పాను. “రాళ్లేనట. పద, యల్లా!”

“డ్యామ్ కట్టి మా ఊరు ముంచిన చోటా పడవలవాళ్లు అదే చెబుతారు. ఎవరి పొయ్యి మీదో నేను షికారు చెయ్యను,” అని జాకెట్ విప్పి నా చేతిలో పెట్టింది.

“ఈ బోడికొండల మధ్య ఊరేమిటి!” అని వాదించి, నేను ఎక్కాను. నడిమధ్యలో తెడ్డు ఆపి తొంగిచూశాను. పచ్చటి నీళ్లు, అంతే.

ఊరుంటే మాత్రం పైనుంచి కనబడుతుందా?