కంజీర బయట పెట్టి రండి

మా చర్చిలో నలభై ఏళ్లు కంజీర వాయిస్తూ కీర్తనకు రాగం ఎత్తింది నేనే. పోయిన క్రిస్మస్‌కి కీబోర్డు కొన్నారు. తర్వాతి ఆదివారం సంఘపెద్ద నా భుజం మీద చెయ్యి వేసి, "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి, రాగం అదే ఎత్తుతుంది" అన్నాడు. చీరాలలో చేనేత మగ్గం మీద బతికినవాణ్ణి. మరమగ్గాలు వచ్చినప్పుడు కూడా నన్నిలాగే పక్కన పెట్టారు. కాకపోతే ఆ యజమాని భుజం మీద చెయ్యి వెయ్యలేదు. అలిగి ఆరు వారాలు చర్చి గడప తొక్కలేదు. ఇంట్లో ప్రార్థన కూడా మానేశాను. అప్పుడు మిరప కోతలకు వెళ్లొచ్చిన మా వీధి ఆవిడ ఓ సంగతి చెప్పింది. గుంటూరు అవతల ఒక పల్లెలో తెలుగు కూలీలే యూదుల ప్రార్థన చేసుకుంటారట. దావీదు కీర్తనలు హీబ్రూలో, కీబోర్డు గీబోర్డు లేకుండా పాడతారట. నాకు ఆ చివరి ముక్క చాలు.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు కంజీర సంచిలో వేసుకుని చీరాలలో బస్సెక్కాను. గుంటూరుకు రెండు గంటల పైనే పట్టింది, టిక్కెట్టు వంద దాటింది. అక్కడి నుంచి నల్లపాడు మీదుగా ఆటో, రెండు వందలు.

"యూదులా? మా రూట్లో ఎక్కడున్నారండీ?" అన్నాడు డ్రైవరు. మళ్లీ తనే, "శనివారం కోతకి రానోళ్లా?" అన్నాడు.

"వాళ్లే."

"మేస్త్రి ఎంత అరిచినా రారండీ. మొండోళ్లు!"

ఆ మాటతో నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. దారికి రెండు వైపులా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు ఇద్దరం పోటీపడి తుమ్ముకుంటూ నాలుగున్నరకి చేరాం.

మందిరం రెండు గదుల ఇల్లు. ప్రార్థన నడిపే యాకోబు గారు వాకిలి ఊడుస్తున్నారు. నా సంచి చూసి, "పొద్దు గుంకితే షబ్బాత్ అండీ, మా విశ్రాంతి దినం. వాయిద్యం ముట్టం, ఫోనూ ముట్టం. కంజీర బయట పెట్టి రండి" అన్నారు. నలభై ఏళ్ల తోడును చెప్పుల పక్కన పెట్టాను.

అరుగు మీద ఆయన మేనత్త శారమ్మ హీబ్రూ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కు తిరగేస్తోంది. డెబ్బై దాటినా ఇంకా కోతలకు వెళ్తుంది.

"అత్తా, ఇవాళ ఫోన్లో నేర్చుకున్న రాగంలో పాడదాం. వచ్చే నెల విదేశాల వాళ్లొస్తారు, మనది విని నవ్వుతారు."

"నవ్వనీరా. ఇది మా అమ్మ మిరప చాళ్లలో నడుం వంచి పాడిన రాగం. నీ ఫోను ఏ చాలు కోసిందిరా?"

"అది తప్పు రాగం అంటున్నారే."

"దేవుడన్నాడా, ఫోనందా?"

యాకోబు గారు చీపురు పక్కన పడేశారు. "సరే. ఇవాళ నీ రాగంలో నువ్వొక్కదానివే మిగిలితే, ఇక మీదట ఫోను రాగమే."

"ఒప్పుకున్నా పో!"

పొద్దు గుంకకముందే శారమ్మ కొవ్వొత్తులు వెలిగించింది. యాకోబు గారు కొత్త రాగం ఎత్తారు. నున్నగా ఉంది, మగవాళ్లంతా అందుకున్నారు. శారమ్మ మొదటి చరణం అయ్యేదాకా ఊరుకుని, రెండోదానికి తన రాగం ఎత్తింది. మిరప ఘాటుకు బొంగురుపోయిన గొంతు. రెండు పంక్తులు ఒక్కతే పాడింది. ఎవరూ కలవలేదు. హీబ్రూ ముక్క రాకపోయినా ఆ రాగం పట్టుకుని గట్టిగా కూనిరాగం తీశాను. వెనక వరసలో ఒకావిడ నా వైపు చూసి నవ్వి పాట అందుకుంది. తర్వాత ఆడవాళ్లంతా అందుకున్నారు. అందరూ ఆ చాళ్లలో వంగినవాళ్లే. నాలుగో చరణానికి యాకోబు గారి గొంతూ వాళ్లతోనే ఉంది. ఆరు వారాల తర్వాత నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను.

బయటికొచ్చాక శారమ్మ, "మీ ఊళ్లో పాడరా?" అంది. కీబోర్డు కథ చెప్పాను.

"అది మొదలెట్టకముందే ఎత్తండి. ఎవరు పట్టుకున్నారు?"

ఎవరూ పట్టుకోలేదు, అలిగి కూర్చుంది నేనే. ఆ ఆదివారం మా చర్చిలో కీబోర్డు ప్లగ్గు పెట్టేలోపే లేచి రాగం ఎత్తాను. సంఘపెద్ద దగ్గాడు. నేను ఆపలేదు. ముందు ముసలాళ్లు కలిశారు. మూడో చరణానికి కీబోర్డే నా వెనక వచ్చింది.

వెళ్లాలనుకునేవారికి ఒకటే సలహా: తిరుగు ఆటోకి పొద్దు గుంకకముందే మాట్లాడుకోండి. ఆ తర్వాత మీకోసం అక్కడెవరూ ఫోను ముట్టరు, ముట్టమని అడగకండి.