దండ వేసిన ఫొటో

గవర్నర్‌పేట థియేటర్‌లో సినిమా సగంలో ఉండగా, నా పక్క సీట్లోని బెస్తావిడ లేచి నిలబడి తెర వైపు చెయ్యి చూపించింది. "బాబుగారూ, మా ఆయనకి దండేసేశారండీ!" అంది. వెనకవాళ్లు కూర్చోమని అరిచారు.

ఆ సినిమా తీసిన హిందీ దర్శకుడు తొంభైల్లో బందరు దగ్గర ఆమె పల్లెకు వచ్చినప్పుడు, మా పత్రిక తరఫున నేను వెంట తిరిగాను. ప్రాంతాల బతుకును ఉన్నదున్నట్టు చూపిస్తారని ఆయనకు పేరు. వల, కుండ, చిరిగిన చొక్కా, ఏది కనిపించినా బొటనవేలితో రుద్ది "అసలుదేనా?" అని అడిగేవారు. మనుషుల ఏడుపునూ అలాగే రుద్ది చూస్తున్నారేమోనని నాకు అనుమానంగా ఉండేది.

ఆమె భర్త వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆమె బొట్టు తీయలేదు. ఇంట్లో భర్తది ఉన్న ఒక్క ఫొటోనూ దర్శకుడు సెట్టు కోసం అడిగితే, "పట్టుకెళ్లండి. దండ మాత్రం వెయ్యొద్దండి. రేపు ఆయనొచ్చి చూస్తే నన్ను బతకనిస్తాడా!" అని నవ్వింది. ఆ మాట పొల్లుపోకుండా హిందీలో చెప్పాను. దర్శకుడు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

సినిమా చూశాక ఆయనకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు, ఫొటో పార్సిల్లో వచ్చింది. ఫ్రేము పైమూలల్లో దండ కోసం కొట్టిన రెండు కొత్త మేకులున్నాయి.

"పీకించెయ్యమంటావా అమ్మా?" అన్నాను ఫొటో ఆమె చేతికిస్తూ.

"ఉండనివ్వండి. ఆయనొచ్చాక చూపిస్తాను."

దండ వెయ్యమన్నది దర్శకుడో, సెట్టు వేసినవాళ్లో ఇప్పటికీ తెలియలేదు. ఆమె భర్త కబురూ తెలియలేదు.