బున్రే ‘ఏమోనండి’

మా మొక్‌ఫో రేవు చేపల బజారులో ఓక్ బున్రే అనే ఆవిడ నూడుల్స్ కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. పక్కనే ఎండు నెత్తళ్ళు అమ్మేదాన్ని నేను. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క సంగతి తేల్చి చెప్పగా వినలేదు. "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, వండిన మనిషే, "సరిపోయిందేమోనండి" అంటుంది. జనాభా లెక్కలకొచ్చినాయన వయసడిగితే "అరవై రెండు కావచ్చండి" అంది. పాపం, ఆయన కలం పట్టుకుని బిక్కమొహం వేశాడు.

మా ఊళ్ళో ఎవరమూ మొహం మీద కాదనం. "ఏమోనండి" అన్నామంటే తలుపు మెల్లగా వేసేసినట్టే. సొంతవాళ్ళ దగ్గర మాత్రం ఆ మన్ననలుండవు, "ఏమో" అని ఊరుకుంటాం. మొగుడు పోయాక బున్రే ఎవరి దగ్గరా ‘అండి’ వదల్లేదు. అక్కలాంటి దాన్ని, నా దగ్గర కూడా! అదే నాకు ఉక్రోషం.

ప్యో దొక్సమ్ రోజూ మధ్యాహ్నం ఆవిడ కొట్టుకొచ్చేవాడు. పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, భార్య లేదు. తిన్న గిన్నె తనే కడిగి బోర్లించి వెళ్ళేవాడు. అతనెందుకొస్తున్నాడో బజారంతటికీ తెలుసు.

మొన్న శరత్కాలంలో జెజు దీవిలో పెద్ద పడవల షెడ్డువాళ్ళు అతన్ని పనికి పిలిచారు. శనివారం ఓడ. గురువారం గిన్నె కడుగుతూ అడిగాడు.

"ఓనరుగారూ, నన్ను వెళ్ళమంటారా?"

"ఏమోనండి మేస్త్రీగారూ. నాకేం తెలుస్తుంది?"

అతను వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఉండమంటే నీ నోటి ముత్యాలు రాలతాయా? ఎన్నాళ్ళే తల్లీ ఈ మీనమేషాలు?"

"ఉండమనడానికి నేనెవర్నండీ?" అంది పిండి ముద్ద కోస్తూ. కళ్ళు మాత్రం తడిశాయి.

శనివారం పొద్దున్నే చేతుల నిండా పిండితో, రబ్బరు బూట్లతో రేవుకి పరిగెత్తింది. కొట్టు వదిలేసి నేనూ వెనకే పడ్డాను. దొక్సమ్ సంచితో వరసలో నిలబడున్నాడు.

"నువ్వెళ్ళిపోతే నా నూడుల్స్ ఎవరు తింటారో ఏమో!" అని అరిచింది బున్రే.

వరసంతా వెనక్కి తిరిగింది.

"ఇప్పుడు నన్ను... ‘నువ్వు’ అన్నారా?"

"ఏమో," అంది. చెవులు ఎర్రబడ్డాయి.

దొక్సమ్ సంచి కింద పెట్టాడు. "నాకు ఆకలేస్తోందేమో," అన్నాడు.

ముగ్గురం బజారుకి తిరిగొచ్చేసరికి నా నెత్తళ్ళ గంపలో రెండు పిల్లులు కూర్చుని ఉన్నాయి.

"చాలా తినేశాయా అక్కా?" అంది బున్రే.

పద్దెనిమిదేళ్ళకి ‘అండి’ లేకుండా పిలిచింది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏమోనే," అన్నాను.