లాంచీ వాళ్ల దీవి: టికెట్‌లో వచ్చేవి, విడిగా కొనేవి, ఆ రోజు లేనిది

మా అమ్మాయి గ్రేసి ఎనిమిదో తరగతి. దాని క్లాసు పిల్లల్లో సగం మంది ఆ దీవి చూసి వచ్చేశారు. గోదావరి మీద ప్రాజెక్టు కట్టాక వెనక నిలిచిన నీళ్ల మధ్యలో మునగకుండా మిగిలిన గుట్ట అది. ఒక లాంచీల కంపెనీ దాన్ని లీజుకు తీసుకుని, చుట్టూ ఇసుక పోయించి, గడ్డి గొడుగులు పాతి, "మా సొంత దీవి" అని ఆటోల వెనక ప్రకటనలు వేయించుకుంది. వాళ్ల లాంచీలో వెళ్లినవాళ్లు తప్ప ఇంకెవరూ అక్కడ దిగడానికి వీల్లేదు. పెద్ద ఓడల కంపెనీలకు సముద్రంలో సొంత దీవులుంటాయని, ప్రయాణికులను అక్కడ దింపి కొన్ని ఉచితంగా, కొన్ని డబ్బుకు ఇస్తాయని గ్రేసి ఫోన్‌లో చూపించింది. "మనకు గా సముద్రం దాక పోవుడు కాదు కదా మమ్మీ, గీ దీవికన్న పోదాం" అంది. ఈస్టర్ మరుసటి సోమవారం వాళ్ల నాన్న లీవు పెట్టారు. అలా బయలుదేరాం.

ముందే చెప్పాలి, నాకు నీళ్లంటే భయం. బాప్తిస్మానికి గోదావరిలో నడుము లోతు దిగిన రోజు పాస్టరుగారి చెయ్యి వదలకపోతే, ఆయనే నవ్వుతూ వేళ్లు విడిపించుకున్నారు. పెళ్లయ్యాక సెంటినరీ కాలనీ క్వార్టర్స్‌లో కాపురం, అక్కడే ఒక ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పడం, ఇంతే నా జీవితం. నీళ్లతో పని పడలేదు. మా ఆయన ప్రభాకర్ భూగర్భ బొగ్గు గనిలో ఫిట్టరు. ఆయనకూ ఈత రాదు.

పొద్దున ఏడింటికి కాలనీ నుంచి బస్సెక్కితే ఎనిమిదిలోపే గోదావరిఖని బస్టాండులో దిగాం. అక్కడ టిఫిన్ చేసి, లాంచీ రేవుకు ఆటో మాట్లాడుకున్నాం. రామగుండం మీదుగా వెళ్లి దింపడానికి మూడు వందలన్నాడు, రెండున్నర వందలకు ఒప్పుకున్నాడు. సాయంత్రం రేవు దగ్గర ఆటోలు దొరకవు కాబట్టి, వెళ్లేవాళ్లు అదే ఆటో నంబరు రాసుకోవడం మంచిది. పవర్‌హౌస్ పొగగొట్టాలు వెనకబడి, నీళ్ల మీది గాలి ముఖానికి తగిలేసరికే ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. ఆటో అతను అద్దంలోంచి నన్ను చూసి అన్నాడు: "గీ ఎండలకు మధ్యాన్నం దాటితే దుమారం లేస్తది అక్కా. జల్ది చూసుకొని మర్లుండ్రి."

మా ఆయన నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను.

రేవు దగ్గర టికెట్లు ఇచ్చే సంపత్ అనే అతను ముప్పై ఏళ్లవాడు, మాటకారి. పెద్దలకు ఆరు వందలు, పిల్లలకు నాలుగు వందలు. "టికెట్ల ఏమేం వస్తయన్నా?" అని అడిగాను.

"లాంచీల పోవుడు, రావుడు, మధ్యాన్నం బువ్వ, సాయంత్రం చాయ్. ఊయలలు, బాలు, ఇసుకల ఆటలు, అన్ని టికెట్ల ఉన్నట్టే. గొడుగు, కుర్చీలు కావాలంటె వంద. చాప వేపుడు కావాలంటె రెండు వందలు. పెడల్ బోటు అరగంటకు నూటయాభై. బట్టలు మార్చుకునే రూముకు ఇరవై. గంతే మేడం, లోపల ఇంక జేబుల చెయ్యి పెట్టే పని లేదు."

లాంచీ ప్రయాణం ఇరవై నిమిషాలు ఉంటుందేమో. నడిపేది ఐలయ్య, యాభై దాటిన మనిషి. సంపత్ కూడా మాతోపాటే ఎక్కాడు, దీవిలో బోట్లు చూసుకునేదీ అతనే. సోమవారం కాబట్టి మాతో కలిపి నాలుగు కుటుంబాలే ఉన్నాం. ఇంజను వణుకు బల్ల మీంచి నా వెన్నులోకి ఎక్కింది. గ్రేసి అంచు దగ్గర నిలబడి నీళ్లలోకి చెయ్యి పెడుతుంటే, దాని లైఫ్ జాకెట్టు వెనక పట్టీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. "మమ్మీ, వదులు, అందరు చూస్తున్నరు" అని విసుక్కుంది.

దీవి బాగుంది, అబద్ధం చెప్పను. ఇసుక శుభ్రంగా ఉంది, ఊయలలు గట్టిగా ఉన్నాయి. గొడుగు కోసం వంద కట్టనక్కర్లేదు, గుట్ట వెనక వేపచెట్ల నీడ ఉంది. టికెట్‌లో వచ్చే భోజనం అన్నం, పప్పు, వంకాయ కూర, చారు. అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. చేప వేపుడు మాత్రం విడిగా కొన్నాం, ఆ రెండు వందలకు న్యాయం జరిగింది. వండేది లచ్చక్క. నేను నీళ్లవైపు వీపు పెట్టి తింటున్నానని ఆమె కనిపెట్టింది. నీళ్లలో దూరంగా వరసగా నిలబడ్డ నల్లటి మొద్దులను చూపించి, "గవి మా తాళ్లు బిడ్డా. ఊరు మునిగింది, ఇండ్లు కూలినయి. అవే నిలబడ్డయి" అంది. తలలు లేని తాటిచెట్లు. వాటి కింద ఎంత లోతుందో అడగాలనిపించలేదు.

తిన్నాక గ్రేసి పెడల్ బోటు గొడవ మొదలుపెట్టింది. పిల్లలను ఒంటరిగా పంపరు, ఇద్దరే పడతారు. మా ఆయన మోకాలికి గనిలో దెబ్బ తగిలి అప్పటికి రెండు నెలలు, ఇంకా తొక్కలేరు. "ఒడ్డు పక్కపొంటి తిరుగుండ్రి, నేను గీడనే కూసుంట" అన్నారు. నూటయాభై కట్టాం. బోటు కోసం వేరే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. నాది సరిపోయింది. గ్రేసికిచ్చింది పెద్దది, ముందున్న బకిలీ పడటం లేదు. సంపత్ ఆ పట్టీలను ముడి వేసి, "ఏం కాదు మేడం" అన్నాడు.

మొదటి పది నిమిషాలు నిజంగానే ఏమీ కాలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను కూడా ఒకసారి నవ్వాననుకుంటాను. అప్పుడు ఎక్కడో దూరంగా దబ్బుమని చప్పుడైంది.

"బ్లాస్టింగా మమ్మీ?" అంది గ్రేసి. మా కాలనీ పిల్లలకు పెద్ద చప్పుడంటే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పేల్చేదే. నేనూ అదే అనుకున్నాను. కానీ రెండో చప్పుడు ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లింది. తల తిప్పేసరికి దీవి వెనక ఎర్రటి దుమ్ముతెర లేచి నిలబడి ఉంది.

గాలి ఒక్కసారిగా వచ్చి తగిలింది. బోటు ముందు భాగం దానంతట అదే పక్కకు తిరిగింది. "తొక్కు, ఒడ్డుకు తొక్కు" అని అరిచాను. ఇద్దరం తొక్కాం. తొక్కేకొద్దీ దీవి దగ్గరవ్వాలి కదా, దూరమవుతోంది. ఒడ్డున మా ఆయన లేచి నిలబడటం, ఏదో అరవడం కనిపించింది కానీ ఒక్క మాటా వినిపించలేదు. తర్వాత దుమ్ములో ఆయనా కనిపించలేదు. అలలు బోటులోకి కొట్టడం మొదలైంది. చల్లటి నీళ్లు పాదాలకు తగిలాయి, తర్వాత చీలమండలకు. గ్రేసి తొక్కడం ఆపేసి రెండు చేతులతో నా నడుము పట్టుకుంది. ప్రార్థన చేద్దామనుకున్నాను. పుట్టినప్పటి నుంచి వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "ప్రభువా" దగ్గరే ఆగిపోయాను.

మేము పోతున్నది నీళ్లు మరీ వెడల్పయ్యే వైపు. దానికి ముందు ఉన్నవి ఆ తాటి మొద్దులు మాత్రమే. మొదటిది మా పక్కనుంచే దాటిపోయింది, చెయ్యి చాపినా అందలేదు. రెండోదానికి బోటు అడ్డంగా వెళ్లి గుద్దుకుంది. నేను ముందుకు పడి దాన్ని రెండు చేతులతో వాటేసుకున్నాను. నాచు పట్టి జారుతోంది, కింద బోటు పోతోంది. "చున్నీ ఇయ్యి బిడ్డా, చున్నీ!" అని అరిచాను. గ్రేసి తన చున్నీ మొద్దు చుట్టూ తిప్పి బోటు కడ్డీకి కట్టింది. స్కూలు బూట్ల లేసు ముడి వేసుకోవడం రాక రోజూ నా చేత కట్టించుకునే పిల్ల. ఆ రోజు వేసిన ముడి జారలేదు.

అక్కడ ఎంతసేపున్నామో నాకు తెలీదు. నేను మొద్దును వదల్లేదు. చేతులు గీరుకుపోయి రక్తం వస్తుంటే గ్రేసి చూసి ఏడ్చింది. చున్నీ చిరుగుతుందేమో, జాకెట్టు ముడి ఊడుతుందేమో, బోటు మునిగితే దాన్ని ఏ చేత్తో పట్టుకోవాలి, మొద్దును ఏ చేత్తో పట్టుకోవాలి, ఇవే ఆలోచనలు. "డాడీ వస్తడా మమ్మీ?" అని అది అడిగింది. "వస్తడు" అన్నాను. ఆయనకు ఈత రాదని మా ఇద్దరికీ తెలుసు.

ఒడ్డున జరిగింది తర్వాత లచ్చక్క చెప్పింది. మా ఆయన కుంటుతూనే ఒడ్డున కట్టిన రక్షణ పడవ దగ్గరకు పరుగెత్తారట. టికెట్‌లో వచ్చే వాటిల్లో అదీ ఒకటి, రేవులో బోర్డు మీద రాసే ఉంది. పడవ ఉంది, దాని మోటారు లేదు. రిపేరుకు వెళ్లి వారమైందట. అప్పుడాయన ఐలయ్య చెయ్యి పట్టుకున్నారట. గాలి ఆగేదాకా లాంచీ తియ్యొద్దని రేవు నుంచి మేనేజరు ఫోన్‌లో చెబుతూనే ఉన్నాడట. ఐలయ్య ఫోన్ పెట్టేసి, సంపత్‌ను తాడు పట్టడానికి ఎక్కించుకున్నాడు. మా ఆయన కూడా ఎక్కబోతే ఆపేశాడు. "నీకు ఈత రాదంటున్నవు తమ్మీ. నువ్వు పడితె నిన్ను చూసుకోవాల్నా, వాళ్లను చూసుకోవాల్నా? ఈడనే ఉండు."

దుమ్ములోంచి లాంచీ ముక్కు కనిపించినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కొత్త భయం వచ్చింది. అది నేరుగా వస్తే మొద్దులకు తగిలి బోల్తా పడుతుంది. ఐలయ్య దగ్గరకు రాలేదు. గాలి వచ్చే వైపు కొంత ఎగువన నిలిపి, తాడుకు టైరు ట్యూబు కట్టి నీళ్లలో వదిలాడు. గాలే దాన్ని మావైపు తోసింది. మొదటిసారి అందకుండా పోయింది. రెండోసారి గ్రేసి వంగి పట్టుకుంది. "బోటు కడ్డీకి కట్టక్కా! కట్టినంక చున్నీ ఇప్పు!" అని ఐలయ్య గొంతు చించుకున్నాడు. మొద్దును వదలడమే అన్నిటికన్నా కష్టమైన పని. గ్రేసి నా వేళ్లను ఒక్కొక్కటే విడిపించింది.

ఐలయ్య మమ్మల్ని లాంచీలోకి లాగాడు. తన తువ్వాలు గ్రేసి మీద కప్పి, మళ్లీ చుక్కాని దగ్గరకు వెళ్లిపోయాడు.

ఒడ్డున మా ఆయన నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. గ్రేసిని ఎత్తుకుని ఇసుకలో కూలబడ్డారు. గనిలో పైకప్పు కూలిన రోజు కూడా ఇంటికొచ్చి అన్నం తిన్న మనిషి. ఆ వేళ గ్రేసి తడి బట్టలు పట్టుకుని వదల్లేదు. తర్వాత నా గీరుకుపోయిన చేతులు తన చేతుల్లోకి తీసుకున్నారు.

"నిర్మలా, నేను డ్యూటీకి పోయిన ప్రతిరోజు నువ్వు గిట్లనే వస్తనో రానో అని చూసుకుంట ఉంటవా?"

అవునన్నట్టు తల ఊపాను. పదిహేనేళ్లలో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

గాలి తగ్గాక అందరినీ వెనక్కు తెచ్చారు. రేవులో మేనేజరు ఎదురొచ్చి, "పెడల్ బోటు పైసలు వాపసిస్తం సార్" అన్నాడు. మా ఆయన ఆ నోట్ల వైపు చూడలేదు. "పైసలు వద్దు. మోటారు తెచ్చి పెట్టేదాక గా పెడల్ బోటు ఎవ్వరికి ఇయ్యకు. మళ్ల వచ్చి చూస్త" అన్నారు. తర్వాతి ఆదివారం నిజంగానే వెళ్లి చూసొచ్చారు. మోటారు వచ్చిందట. ఐలయ్యకు ఒక కొత్త తువ్వాలు, గ్రేసి తన చేత్తో చేసిన కేకు పట్టుకెళ్లారు.

నా చేతుల మీది గాయాలు మానిపోయాయి. నీళ్ల భయం మానలేదు, పెరిగింది కూడా. భయాన్ని దాచుకోవడం మాత్రం మానేశాను. ఆయన డ్యూటీకి బయలుదేరేటప్పుడు నాకు భయంగా ఉందని పైకే చెబుతున్నాను, ఆయన నవ్వకుండా వింటున్నారు. షిఫ్టు అయి గనిలోంచి పైకి రాగానే, స్నానం కూడా చేయకుండా ఫోన్ చేసి "పైకొచ్చిన" అంటారు. ఒక్క మాట. నేను బళ్లో పాఠం మధ్యలో ఉన్నా ఆ ఫోన్ ఎత్తుతాను. పిల్లలకు కూడా అలవాటైంది, ఎత్తేదాకా నిశ్శబ్దంగా ఉంటారు.

మీరు ఆ దీవికి వెళ్తే ఒక్క పని చేయండి. నీళ్ల మీద దేనికైనా విడిగా డబ్బు కట్టే ముందు, రక్షణ పడవ దగ్గరకు వెళ్లి దాని మోటారును మీ కళ్ల ముందు స్టార్ట్ చేయించండి. స్టార్ట్ కాలేదా, ఇసుకలో ఆడుకుని, వేపనీడలో కూర్చుని, లచ్చక్క చేతి పప్పన్నం కడుపునిండా తిని రండి. అదంతా టికెట్‌లో వచ్చేదే.