వందన సమర్పణ అమ్మాయి

మా యూనివర్సిటీలో నా పరిశోధన దేనిమీదో తెలిసినవాళ్ళు ఇద్దరే. నేను, మా గైడు గారు. ఆయన విషయంలో కూడా నాకు కాస్త అనుమానమే. కానీ వందన సమర్పణ ఎవరు చేస్తారని అడిగితే మాత్రం గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషితో సహా అందరూ నా వైపే చూపించేవారు.

ఇది ఎలా మొదలైందో చెప్పాలి. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో మా డిపార్ట్‌మెంటులో పరిశోధక విద్యార్థులకి ఒక వర్క్‌షాపు పెట్టారు. చివర్లో అందరికీ ధన్యవాదాలు చెప్పాల్సిన సీనియర్ ఆ పూట రాలేదు. గైడు గారు అటూ ఇటూ చూసి, ముందు వరసలో అమాయకంగా కూర్చున్న నా చేతిలో మైకు పెట్టారు. "రెండు ముక్కలు చెప్పేయమ్మా" అన్నారు. నేను ముఖ్య అతిథి నుంచి టీ కాచినాయన దాకా, వరసలో ఎవరి పరువూ తగ్గకుండా, ఒక్కరిని కూడా వదలకుండా చెప్పేశాను. చప్పట్లు గట్టిగానే కొట్టారు. ఎందుకు కొట్టరు, ఆ తర్వాత భోజనాలు మరి.

ఆ రోజు నుంచి నా నుదుటి రాత మారిపోయింది. లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ నేర్పే శిక్షణ పెట్టినా, వ్యాసాలు రాయడం నేర్పే శిక్షణ పెట్టినా, క్లాసులో పాఠం ఎలా చెప్పాలో నేర్పే శిక్షణ పెట్టినా, చివరి అయిదు నిమిషాలూ నావే. "నువ్వయితే ఎవరినీ మర్చిపోవమ్మా" అనేవారు గైడు గారు. అది మెచ్చుకోలో శిక్షో తెలిసేది కాదు.

చూసేవాళ్ళకి అదేం పెద్ద పని కాదు. కానీ ఆ అయిదు నిమిషాల కోసం నేను రోజంతా పోగొట్టుకునేదాన్ని. లోపల అందరూ గుంపులుగా కూర్చుని ఒకరి పని ఒకరికి చెప్పుకుంటుంటే, నేను బయట వరండాలో నిలబడి బ్యానరు ఎవరు కట్టించారు, కుర్చీలు ఎవరు పంపారు అని కనుక్కునేదాన్ని. నలుగురిలో ఎలా మాట్లాడాలో నేర్పిన శిక్షణ కూడా అలాగే జరిగిపోయింది. తిరిగి లోపలికి వచ్చేసరికి జంటలు కట్టేసి ఉండేవారు. నేను మిగిలిపోయేదాన్ని. "పర్లేదు, మీకు వేరే పని ఉంది కదా" అనేవారు నవ్వుతూ. నేనూ నవ్వేదాన్ని. ధన్యవాదాలు చెప్పి కిందికి దిగేసరికి గ్రూపు ఫొటో అయిపోయి ఉండేది. డిపార్ట్‌మెంటు గోడమీద ఆ ఫొటోలన్నీ వరసగా ఉన్నాయి. వెతికినా నేను కనపడను.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. నేను ఎప్పుడూ కడబంతి మనిషినే. వడ్డించేవాళ్ళెవరూ నావాళ్ళు కారు.

అప్పుడు అనకాపల్లి స్టేషనుకి దగ్గరలో మేడమీద ఒక గదిలో ఉండేదాన్ని. యూనివర్సిటీ విశాఖలో, నేను పని చేసే నీళ్ళు కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సులో, అమ్మానాన్నలు దేవరాపల్లి దగ్గర పల్లెలో చెరుకూ వరీ చూసుకుంటూ. మూడింటికీ మధ్యలో ఉంటుందని అనకాపల్లిలో దిగాను. మూడింటికీ మధ్యలో ఉండటం అంటే ఎక్కడా లేకపోవడమని తర్వాత తెలిసింది. శనివారం సాయంత్రం రైలు దిగితే సోమవారం పొద్దున్న మళ్ళీ ఎక్కేదాకా నాతో మాట్లాడే మనిషి కర్రీ పాయింటు ఆవిడ ఒక్కతే. ఆవిడ అడిగేది కూడా ఒక్కటే, పప్పా సాంబారా అని. కొన్ని ఆదివారాలు ఆ మాట కోసమే ఆకలి లేకపోయినా మెట్లు దిగేదాన్ని. ఇంత సిగ్గులేని ఒంటరితనం నాకుంటుందని ఊళ్ళో ఉన్నప్పుడు అనుకోలేదు.

అమ్మ ఫోను చేసేది. ఏం తిన్నానో అడిగాక కాసేపాగి, "ఇంకా అవ్వలేదేటే ఆ సదువు?" అనేది. అవుతుందనేదాన్ని. "అయితే సరేలే" అని పెట్టేసేది. అందులో కోపం ఏమీ ఉండేది కాదు, అదే కష్టంగా ఉండేది.

నా పని ఏమిటంటే, ఆవ నీళ్ళల్లో కంటికి కనిపించనంత చిన్న జీవులుంటాయి. వాటిని తినే చేపపిల్లలు పెరుగుతాయి. ఏ కాలంలో ఏ జీవులు ఎక్కడ ఉంటున్నాయి, తామరాకులూ కలుపూ కమ్ముకున్న చోట అవి ఏమవుతున్నాయి అని చూడటం. నెలనెలా నీళ్ళు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి, తెలిసినవాటికి పేర్లు రాసేదాన్ని. తెలియనివి సీసాల్లో అలాగే ఉండిపోయేవి. అవే ఎక్కువ. వాటిని గుర్తుపట్టడం మా దగ్గర నేర్పేవాళ్ళు లేరు.

నన్ను ఆవలోకి తీసుకెళ్ళేది ఒక ముసలాయన. రెండు తాటి మొద్దులు తొలిచి పక్కపక్కన కట్టిన దోనె ఆయనది. సెలవురోజుల్లో తామరపూలూ పక్షులూ చూడటానికి వచ్చేవాళ్ళని తిప్పేవాడు. మామూలు రోజుల్లో నేనే. నేను తాతా అనేదాన్ని, ఆయన నన్ను సీసాలమ్మా అనేవాడు.

"కనపడని దానికి ఇన్ని సీసాలేటమ్మా?" అన్నాడు మొదటిసారి.

"కనపడేవాటిని అందరూ చూస్తున్నారు కదా తాతా" అన్నాను.

"అదీ నిజవే" అని దోనె తోసే గెడ వేశాడు.

నా ఆఖరి ఏడాదిలో ఒక అవకాశం వచ్చింది. ఎక్కడో దూరాన ఒక పెద్ద ల్యాబులో మూడు నెలల శిక్షణ. సరిగ్గా నాకు కావలసిందే, నీటిలో చిన్న జీవుల్ని గుర్తుపట్టడం నేర్పుతారు. మా యూనివర్సిటీ నుంచి ఇద్దరిని తీసుకుంటామన్నారు. థీసిస్ ఇవ్వకముందే వెళ్ళాలి కాబట్టి నాకు ఇదే మొదటిదీ చివరిదీ. మా దగ్గర జరిగే వర్క్‌షాపు ఆఖరి రోజున ఆ ల్యాబు వాళ్ళు వస్తారు. ఒక్కొక్కరం మా పని గురించి అయిదు నిమిషాలు చెప్పాలి. నచ్చినవాళ్ళని ఎంచుకుంటారు.

ఎవరి అయిదు నిమిషాలైనా నేను గొప్పగా చెప్పగలను. నావి మాత్రం ఎప్పుడూ చెప్పి ఎరగను. మీ పని మీ అమ్మమ్మకి కూడా అర్థమయ్యేలా చెప్పండి అని అంతకుముందొక వర్క్‌షాపులో అన్నారు. నాకు అమ్మమ్మ లేదు. అందుకని తాతకి చెప్పాను, దోనెలో, ఆవ మధ్యలో. ఆయన గెడ అడ్డంగా పెట్టుకుని బుద్ధిగా విన్నాడు.

"మొదులు బాగుంది. మద్దెలో నాకు నిద్దరొచ్చింది" అన్నాడు.

మధ్యలోది తీసేశాను. మళ్ళీ చెప్పాను. ఆ నెలలో నీళ్ళు అవసరం లేకపోయినా రెండుమూడుసార్లు ఆటో ఎక్కి కొండకర్ల వెళ్ళాను. నీళ్ళ కోసం కాదు, వినే మనిషి కోసం. ఆఖరిసారి చెప్పినప్పుడు ఆయన తల ఊపి, "ఇప్పుడు బాగుందమ్మా. ఆళ్ళు నిన్ను తీసుకుంతారు" అన్నాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, ల్యాబు వాళ్ళు అప్పుడే తీసేసుకున్నట్టు.

గట్టు దగ్గర దిగుతుంటే, "అక్కడ నా పేరు కూడా సెప్పమ్మా" అన్నాడు. "దోనోడు అని కాదు. ఇంటిపేరెట్టి సెప్పు." చెప్తానని మాటిచ్చాను.

వర్క్‌షాపు ఆఖరి రోజు పొద్దున్నే రైల్లో నిలబడి, పెదవులు కదలకుండా అయిదు నిమిషాలూ వల్లెవేసుకున్నాను. హాల్లోకి వెళ్ళగానే గైడు గారు ఎదురొచ్చారు. "వందన సమర్పణ నీదేనమ్మా, ల్యాబు వాళ్ళ పేర్లు కనుక్కున్నావా?" అన్నారు. సార్, నేను మాట్లాడాలి కూడా అన్నాను. "అదీ చేద్దువుగాని" అన్నారు ఆయన అప్పటికే వేరేవైపు చూస్తూ.

ముఖ్య అతిథి గారు పరిశోధకులకి సమయపాలన ఎంత ముఖ్యమో చాలాసేపు చెప్పారు. ఆయన కూర్చునేసరికి ల్యాబు వాళ్ళ విమానానికి టైము దగ్గరపడింది. అందరికీ కుదరదు, నలుగురే మాట్లాడతారన్నారు. నేను ఆరో మనిషిని. గైడు గారి దగ్గరికి వెళ్ళి, సార్, నాకు ఇంక వచ్చే ఏడాది లేదు సార్ అన్నాను. నేను నాకోసం అడగడం ఆయన ఎప్పుడూ విని ఉండరు. ఒక్క క్షణం నావైపు చూశారు కూడా.

"నువ్వెలాగూ మైకు దగ్గరికి వస్తావు కదమ్మా" అన్నారు.

ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో గానీ, ఆ మాట నాకు దారి చూపించింది. నలుగురూ మాట్లాడారు. బాగానే మాట్లాడారు, ఎందుకు అబద్ధం చెప్పాలి. తర్వాత నన్ను పిలిచారు. ల్యాబు వాళ్ళు ముగ్గురూ ఇంకా వేదిక మీదే ఉన్నారు. ధన్యవాదాలు చెప్పేటప్పుడు లేచి వెళ్ళడం మర్యాద కాదు కదా. ముందుగా వాళ్ళకే చెప్పాను. ముఖ్య అతిథి గారికి చెప్పాను. గైడు గారికి, మాట్లాడిన నలుగురికీ పేరుపేరునా, కుర్చీలు పంపినవారికి, భోజనాలు చేసినవారికి చెప్పాను. ఎవరినీ మర్చిపోలేదు. అప్పుడు ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, కొండకర్ల ఆవకి నా కృతజ్ఞతలు అన్నాను.

ఎందుకు కృతజ్ఞతలో చెప్పడం మొదలుపెట్టాను. ఆ నీళ్ళల్లో ఏముందో, తామరాకు కింద వెలుగు తగ్గితే ఏమవుతుందో, చేపపిల్ల ఏం తిని బతుకుతుందో, నా సీసాల్లో పేరు తెలియనివి ఎన్ని మిగిలిపోయాయో చెప్తున్నాను. దోనె నడిపే తాతకి ఇంటిపేరు పెట్టి మరీ కృతజ్ఞతలు చెప్పాను. నా గొంతు నాకే బాగుందనిపించింది. మధ్యలో నిద్రొచ్చే భాగం అసలు లేదు.

అప్పుడు హాలు వైపు చూశాను. వందన సమర్పణని ఎవరు వింటారు? భోజనాల వైపు నుంచి పులావు వాసన వస్తోంది. సగం కుర్చీలు ఖాళీ. మిగతావాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. ఫొటోగ్రాఫరు ముందు వరస కుర్చీలు ఈడ్చి గ్రూపు ఫొటోకి పెట్టుకుంటున్నాడు. వెనక్కి తిరిగితే వేదిక మీద ఎవరూ లేరు. విమానం వేళయిందని గైడు గారే వాళ్ళని మెల్లగా పక్క మెట్ల మీంచి దింపి భోజనానికి తీసుకెళ్ళారట. మైకు ఎప్పుడు ఆపేశారో కూడా నాకు తెలియలేదు.

మిగిలింది చెప్పేశాను. మైకు లేకుండానే, ఎవరికీ కాకుండా. ఎందుకు చెప్పానంటే ఏమో, సగంలో ఆపితే అంతకన్నా అవమానంగా ఉంటుందనిపించింది. దిగి వెళ్ళి పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డాను. గైడు గారు పెరుగన్నం తింటూ, "బాగా చెప్పావమ్మా, కాస్త పొడుగైంది" అన్నారు.

ఆ నలుగురిలోంచే ఇద్దరిని తీసుకున్నారు. అందులో ఒకమ్మాయి నాకు ఫోను చేసి, అక్కా, నా పేరు పలికేటప్పుడు ఎంత బాగా పలికారో అంది. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ రాత్రి గదిలో మాత్రం చాలాసేపు ఏడ్చాను. శిక్షణ పోయినందుకు కాదు. అంతమంది ఉన్న హాల్లో నేను నా పని గురించి మాట్లాడుతున్నానని ఒక్కరికైనా తెలియనందుకు.

నీళ్ళు తేవాల్సిన రోజు వచ్చింది. తాత దోనె దగ్గర నాకోసం చూస్తున్నాడు. ఆవ మధ్యకి వెళ్ళేదాకా ఏమీ అడగలేదు. నేను సీసా ముంచుతుంటే అప్పుడు అడిగాడు.

"ఏటయ్యిందమ్మా?"

"వేరేవాళ్ళని తీసుకున్నారు తాతా."

పక్కన నీటికోడి ఒకటి తామరాకుల మీద గెంతుతూ పోయింది.

"నా పేరు సెప్పేవా?"

"చెప్పాను. ఇంటిపేరుతో సహా."

"మైకులోనా?"

"మైకులోనే."

ఆయన మొహం చూడాలి. ఆ నవ్వు చూసి, మైకు అప్పటికి పనిచేస్తోందో లేదోనన్న అనుమానం నా కడుపులోనే దాచుకున్నాను. గెడ నాలుగు పోట్లు వేశాడు. మళ్ళీ ఆపాడు.

"మరి నీకెవులు సెప్పేరమ్మా?"

"ఏం చెప్పడం తాతా?"

"అదే, దండాలు. అందరికీ పేరెట్టి నువ్వు సెప్పేవు గదా. నీకెవులు సెప్పేరు?"

"చెప్పేవాళ్ళకి ఎవరూ చెప్పరు తాతా. అది పద్ధతి."

"అదేటి పద్దతి, అన్నేయం గాని" అన్నాడు. ఆయనకి నిజంగా కోపం వచ్చింది. గెడ దోనె మీద అడ్డంగా పెట్టి, నా ఎదురుగా తిరిగి కూర్చున్నాడు. "ఉండు, నాను సెప్తాను." చేతులు జోడించబోయి ఆగిపోయాడు. "ఇంతకీ నీ పేరేటమ్మా? ఇన్నాళ్ళూ సీసాలమ్మా సీసాలమ్మా అనీసేను గాని, అడగనే నేదు."

పేరు చెప్పాను. ఆయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పాను.