లోపల ఎవరండీ?

రికార్డు గుమాస్తాగారు తట్టకుండా దేన్నీ తెరవరు. గది తలుపు తట్టడం మర్యాద, అందరూ చేసేదే. ఈయన బీరువా తడతారు, సొరుగు తడతారు. ఆఖరికి తన క్యారేజీ మూత కూడా వేలితో రెండుసార్లు తట్టి, "లోపల ఎవరండీ?" అని అడిగి, ఒక్క క్షణం చెవొగ్గి, అప్పుడు తెరుస్తారు. ఆయన అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ టకటకగారే.

"పెళ్ళైన కొత్తలో నేనున్న గది తలుపు తట్టి వస్తుంటే నన్నేదో గౌరవిస్తున్నారని మురిసిపోయాను," అని వాళ్ళావిడ ఒకసారి ఆఫీసుకొచ్చి వాపోయింది. "తర్వాత చూస్తే నీళ్ళ డ్రమ్ముకీ అదే గౌరవం."

ఆయన పనిచేసే గదిలోకి కొత్తగా టైపిస్టు వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, దేనికీ బెదరని మనిషి. రికార్డు రూమంటే మెట్లు దిగి వెళ్ళాలి, కిటికీ అన్నది లేదు. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, ఆ వెలుతురైనా వెనక వరస దాకా పోదు. మొదటివారం ఆవిడ టకటకగారిని చూసి కడుపుబ్బ నవ్వుకుంది.

"బాబాయిగారూ, ఎప్పుడైనా ఎవరైనా పలికారా?"

"ఇంకా లేదమ్మా," అన్నారాయన మామూలుగా.

రెండోవారం పలికారు.

ఆయన ఆ చీకటి వరసలోకి వెళ్ళి టకటకమని తట్టారు. జవాబుగా గీరిన చప్పుడు. సన్నగా, ఆగి ఆగి, ఎవరో గోటితో చెక్కని గీరుతున్నట్టు. టైపిస్టు మీటలు కొట్టడం ఆపి చెవొగ్గింది. తర్వాత ఆయన గొంతు లాలనగా వినిపించింది. "ఉండమ్మా, ఉండు. అమ్మ లేదుగా. నేనున్నాగా."

అక్కణ్ణుంచి అన్నీ వింతలే. రెండు గంటలకోసారి, గడియారం చూసుకుని మరీ, ఆయన తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసా పట్టుకుని వెనక్కి మాయమవుతారు. గుసగుసలు. ఏదో చప్పరిస్తున్న చప్పుడు. "ఒంటేలు పోశావా? పొయ్యాలి తల్లీ, లేకపోతే కడుపుబ్బుతుంది," అని బతిమాలడం. టపాలు తూచే చిన్న త్రాసు ఒకరోజు ఆయన చేతుల్లో ఆ చీకట్లోంచి బయటికొచ్చింది. ఆయన బల్ల మీద చీటీలో రోజుకో అంకె: రెండు వందల పది, రెండు వందల పద్దెనిమిది, రెండు వందల ఇరవై ఐదు. ఆవిడ ఆ నంబర్ల ఫైళ్ళు వెతికింది. వాటిని ఎప్పుడో చెదలు తినేశాయట.

పైకెళ్ళి హెడ్ గుమాస్తాని అడిగింది. "ఆ గదిలో ఇదివరకు ఎవరైనా పోయారాండీ?"

"ముగ్గురు పోయారమ్మా," అన్నాడాయన. "బదిలీ మీద."

ముప్పు ఆ చెదల వల్లే వచ్చిపడింది. సోమవారం మందుపొగ పెట్టి గది మూసేయాలని సూపరింటెండెంటుగారి ఆర్డరు. శుక్రవారం భోజనాలయ్యాక టకటకగారు సంచీ భుజాన వేసుకున్నారు. "అమ్మాయ్, మందుల షాపు దాకా వెళ్ళొస్తాను. ఎవరినీ లోపలికి రానివ్వకు."

"లోపల ఎవరున్నారు బాబాయిగారూ?"

"ఎవరూ లేరు," అంటూనే వెనక వరస వైపు ఒక చూపు చూసి వెళ్ళారు.

ఆయన అటు వెళ్ళారో లేదో, ముఖాలకి ముసుగులు కట్టుకున్న మనుషులిద్దరు మెట్లు దిగారు. సోమవారం ఇంకోచోట పని పడిందట, పొగ ఇవాళే పెట్టేస్తారట.

"బయటికి రండమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "ఈ పొగకి ఈగ కూడా బతకదు."

ఆవిడ బ్యాగు తీసుకుని గబగబా మెట్ల దాకా వెళ్ళింది. అప్పుడు వెనకనుంచి, గీరిన చప్పుడు.

"ఎలకేమో," అన్నాడు పెద్దాయన.

తడితే ఎలక పలుకుతుందా? ఆవిడకి 'అమ్మ లేదుగా' అన్న మాట గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి. దయ్యమే అనుకుందాం. తల్లిలేని పిల్లదయ్యం కదా, పొగలో వదిలేసి ఎలా పోతాం? "రెండు నిమిషాలు ఆగండి," అని చెప్పి, గుండె చిక్కబట్టుకుని చీకట్లోకి నడిచింది. వరసగా ఒక్కో బీరువా తట్టింది. ఏమనాలో తోచక, సిగ్గుపడుతూనే, "లోపల ఎవరండీ?" అంది.

అన్నిటికన్నా కింద ఉన్న సొరుగు పలికింది. లాగితే రెండు కళ్ళు మెరిశాయి. సీసాని ఆనుకుని, ఉన్ని మేజోడులో, పిడికెడంత పిల్లిపిల్ల. నోరంతా తెరిచింది కానీ, పాపం, అరుపు మాత్రం రాలేదు.

టకటకగారు పాలపొడి డబ్బా, డ్రాపరూ పట్టుకుని రొప్పుతూ మెట్లు దిగారు. ముసుగుల్ని చూసి వెనక వరస వైపు పరిగెత్తబోయారు. ఆవిడ చేతుల్లో పిల్లని చూసి అక్కడే చతికిలబడ్డారు.

"దీని తల్లి మన గేటు ముందే లారీ కింద పడి చనిపోయింది," అన్నారు. "వెనక చెక్క విరిగిన ఆ సొరుగులో దీన్ని దాచుకుందని ఎవరికి తెలుసు? తట్టాను కాబట్టి తెలిసింది. ఇరవై ఏళ్ళుగా తడుతున్నానమ్మా, ఇదొక్కటే పలికింది."

"అసలెందుకు మొదలెట్టారు?"

"అప్పుడొకసారి సెలవులకి ముందు, లోపల చూసుకోకుండా బీరువాకి తాళం వేశాను. పదిరోజుల తర్వాత తెరిచాను. లోపల పిల్లి."

ఆవిడకి జాలీ కోపమూ కలిసే వచ్చాయి. "నాకు ముందే చెప్పొచ్చుగా. హడలి చచ్చాను."

"నవ్వుతావేమోనని."

"నవ్వేదాన్నే. నవ్వి, నేనూ ఓ పూట పాలు పట్టేదాన్ని. ఇటివ్వండి ఆ డ్రాపరు."

పాలు కలిపి, పిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుంది.

"అలా కాదమ్మా, బోర్లా. పొలమారుతుంది."

"ఇద్దరు పిల్లల్ని పెంచాను బాబాయిగారూ."

"వాళ్ళు మనుషులమ్మా."

ఆవిడ బోర్లా తిప్పింది. పిల్ల డ్రాపరుని ముందుకాళ్ళతో పట్టుకుని, చెవులు కదిలిస్తూ గుటకలు వేసింది. పొగమనుషులిద్దరూ ముసుగులు కిందికి లాక్కుని, వచ్చిన పని మరిచిపోయి, మెట్ల మీద కూర్చున్నారు.

"ఇంకో నాలుగు చుక్కలు పట్టండమ్మా," అన్నాడు పెద్దాయన. "పాపం, దానికి చాల్లేదు."