లింబాద్రి గారి గింజల దానం

మా బోధన్‌లో దాతలకు కొదవ లేదు. అన్నదానం చేసేవారున్నారు, చలివేంద్రం పెట్టి దానికి తమ ఫొటో కట్టించుకునేవారున్నారు. లింబాద్రి గారు మాత్రం గింజల దాత. ముప్పై ఏళ్లు చెరకు కాటా దగ్గర గుమస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఇంటిముందు పదకొండు కుండీల్లో పొట్టి మెట్టతామర పెంచారు. మామూలు మెట్టతామర మనిషెత్తు పెరిగి మురికికాలువల పక్కన కనబడుతుంది, దాన్నెవరూ లెక్కచేయరు. ఈయనది మోకాలు దాటదు. పసుపుపచ్చని పూలు, వాటిమీద కుంకుమ చిలకరించినట్టు ఎర్ర చుక్కలు. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. ఆ సంగతి ఆయన మమ్మల్ని ఏనాడూ మరచిపోనివ్వలేదు.

మాదొక పూలమొక్కల వాట్సాప్ గ్రూపు. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కలిసి గింజలూ కొమ్మలూ పంచుకుంటాం. లింబాద్రి గారు ప్రతిసారీ పొట్లాలు కట్టుకొచ్చేవారు. నాలుగు మూలలా పసుపు, మీద ఎర్రసిరాతో తన పేరు. అందరం ఫొటోలు తీసి, దండాలు పెట్టేవాళ్లం. దుంప అడిగితే మాత్రం మాట మార్చేవారు. దుంప పెడితే ఎవరికైనా మొలుస్తుంది. గింజ అలా కాదు, తుపాకీ గుండంత గట్టిది. పెంకును రాయిమీద గీకి, లోపలి తెలుపు కనబడ్డాక నానబెడితేనే మొలుస్తుంది. లేకపోతే మట్టిలో గులకరాయిలా పడి ఉంటుంది. ఇది ఆయనకు తెలుసు, మాకు తెలియదు. ఫోన్‌లో వెతికితే దొరికేదే కదా అంటారేమో. దానం తీసుకుని దాతను అనుమానించడం మర్యాద కాదనుకున్నాం. బుద్ధి లేకపోవడానికి మేం పెట్టుకున్న పేరు అది.

మొలవలేదని చెబితే ఆయన మన అరచేతిని తిప్పి చూసి, చేతివాసి లేదని నిట్టూర్చేవారు. నాకూ అదే చెప్పారు. రబియా గారికి చెబితే ఆవిడ నవ్వేసి, తన చెయ్యి బిర్యానీకి పనికొస్తే చాలని ఆ కుండీలో పుదీనా పెట్టుకుంది. చందూర్ నుంచి బస్సెక్కి వచ్చే వసంతమ్మ మాత్రం నవ్వలేదు. చెయ్యి కొంగులో దాచుకుంది. మూడుసార్లు ప్రయత్నించి, ఆ తర్వాత పొట్లం తీసుకునేదే గానీ గింజ నాటేది కాదు.

ఈసారి జనవరిలో నిజామాబాద్‌లో పూల ప్రదర్శన ఉంటుందన్నారు. మొదటి బహుమతి తనదేనని లింబాద్రి గారికి అనుమానం లేదు, కానీ పూలు ఇంకాస్త పెద్దవైతే బాగుంటుందనిపించింది. తెలిసిన ట్రాక్టరాయన చేత చక్కెర ఫ్యాక్టరీ నుంచి ప్రెస్‌మడ్డి తెప్పించారు. చెరకు రసం వడకట్టాక మిగిలే నల్లటి మడ్డి అది. మంచి ఎరువే. అయితే పచ్చిమడ్డి లోలోపల ఉడుకుతుంది కనుక, రైతులు నెలల తరబడి కుప్పపోసి మాగబెట్టాకే పొలానికి తోలుతారు. ముప్పై ఏళ్లు చెరకు తూచిన మనిషి, ఒక్కరోజూ చెరకు పండించని మనిషి, పదకొండు కుండీల నిండా దాన్ని పచ్చిగానే కూరారు. నాలుగో రోజుకు ఆకులు వేలాడాయి. వారం తిరిగేసరికి దుంపలు ఉడకబెట్టిన గడ్డల్లా మెత్తబడ్డాయి. ఇంట్లో గింజ ఒక్కటీ లేదు. దుంప ఉండగా గింజ దాచుకోవడమెందుకని అంతా దానం చేసేశారు.

ఇక ఆయన పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది. గ్రూపులో చెప్పుకోలేరు. నన్ను ఇంటికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఎవరి దగ్గరైనా తన గింజలు మిగిలాయేమో కనుక్కోమన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ ఖాళీ కుండీలు చూస్తే నాకు సంతోషమే వేసింది. అయినా ఆ రకం మా ప్రాంతంలోనే లేకుండా పోతుందని వసంతమ్మ పేరు చెప్పాను. ఇద్దరం చందూర్ బస్సెక్కాం.

మా మాట పూర్తికాకముందే వసంతమ్మ లోపలికెళ్లి పప్పు డబ్బా తెచ్చింది. అందులో ఏడు పొట్లాలు, పసుపు మూలలు చెదరకుండా. లింబాద్రి గారు చెయ్యి చాపారు. ఆవిడ ఆ చేతికి ఇవ్వలేదు. డబ్బాను పీటమీద పెట్టి వెనక్కి జరిగింది.

"నా చేతులకెళ్లి తీసుకోకు అన్నా, గవి గుడ సస్తయి. పీట మీదికెళ్లి నువ్వే తీసుకో."

తీసుకుని వచ్చేస్తే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను ఊహించని పని అప్పుడు చేశారు.

"అక్కా, నీ చెయ్యికి ఏం కాలే. గింజ పెంకు గీకి నానవెట్టాలె. నాకెర్కే. మీకెవ్వలకు చెప్పలే."

చెప్పి, బట్టలుతికే బండ దగ్గర చతికిలబడి, ఒక గింజ తీసి గీకి చూపించారు. నల్లని పెంకు కింద తెల్లని చుక్క బయటపడింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతేనా, ఇంత చిన్న పనికా మా చేతులన్నీ చెడ్డవయ్యాయి అని అడగబోయాను. వసంతమ్మ ముందుగా మాట్లాడింది, గొంతు పెంచకుండా.

"పోయిన దసరాకు మా మనుమరాలికి తొలి బువ్వ నన్ను వెట్టుమన్నరు. నా చెయ్యి మంచిగలేదని నేనే పక్కింటామెతోని వెట్టిపిచ్చిన. తొలి బువ్వ మల్ల రాదు గదన్నా."

లింబాద్రి గారి చెయ్యి బండమీదే ఆగిపోయింది. తప్పయిందనైనా అంటారేమోనని చూశాను. ఆయన గింజకంటిన పొడి తుడిచారు. వసంతమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన వేళ్ల మధ్యనున్న గింజ తీసుకుని, ఇంకొంచెం గీకి, నీళ్ల గిన్నెలో వేసింది. తర్వాత ఏడు పొట్లాలూ విప్పి ఒళ్లో పోసుకుని, ఒక్కొక్కటే తీసి బండకు రాయసాగింది. ఆయనకు మాత్రం ఒక్క గింజా అందించలేదు.